కొండ దిగిన ఇల్లు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నవాళ్ళు భూగోళం దక్షిణపు కొసన ఉన్న కెలుయ్ దీవికి వెళ్ళి ఉండరు. వెళ్ళి ఉంటే ఇల్లు లాగి చూడు అని మూడోది కూడా కలిపేవాళ్ళు. ఆ దీవిలో ఉన్నచోటు నచ్చకపోతే ఎవరూ కొత్త ఇల్లు కట్టుకోరు. చెక్క ఇంటిని పునాది రాళ్ళ మీంచి ఎత్తి, కింద దుంగలు పెట్టి, ఎద్దులు కట్టి, ఊరంతా కలిసి నచ్చినచోటికి ఈడ్చుకుపోతారు. అల్లుడి మొహం చూడలేక ఒకాయన, దెయ్యం తిరుగుతోందని ఒకావిడ, అలలు గట్టు కోసేస్తున్నాయని నలుగురైదుగురు అలా ఇళ్ళు మార్చారు. కూతురి చదువు కోసం ఇల్లు మార్చినవాడు మాత్రం ఫ్లోరిదోర్ ఒక్కడే.

ఆ కూతురి పేరు యస్నా. పద్దెనిమిదేళ్ళు. పుట్టుకతోనే వెన్నెముకలో లోపం. నడుము దగ్గర్నుంచి కింద సగం ఆమెది కానట్టే. తొమ్మిదో ఏట తల్లి పోయింది. ఇల్లేమో కొండ నడినెత్తిన ఉంది. కింద రేవు నుంచి పైకి కాళ్ళున్నవాడికే అరగంట నడక, వానలు పడితే పిక్కల దాకా బురద. ఏడాదిలో వానలు పడని నెలలు ఎన్నని అడక్కండి. ఆ దారిలో చక్రాల కుర్చీ ఎక్కదు గనక కుర్చీ రేవులో ఎల్సిరా అత్త పడవల పాకలో వలల పక్కన ఉండేది, యస్నా కొండమీద ఉండేది. "మనిషొక ఊళ్ళో, కాళ్ళొక ఊళ్ళో" అని అత్త ఎగతాళి చేసేది.

పాకకీ ఇంటికీ మధ్య బండి ఫ్లోరిదోర్ వీపే. పలకలతో చిన్న పీట చేసి, తోలు పటకాలతో భుజాలకు తగిలించుకుని, అందులో పిల్లను కూర్చోబెట్టుకుని పదమూడేళ్ళు మోశాడు. వీపుకు వీపు ఆనించి కూర్చునేది గనక యస్నాకు దారి ఎప్పుడూ వెనక్కి పోతూనే కనిపించేది. ముందు ఏముందో తండ్రి చెబితే తెలియాలి. "రాయి వస్తోంది, పట్టుకో" అనేవాడు. "ఇప్పుడు కుక్క వస్తోంది, తిట్టు" అనేవాడు. దీవి బడి అయ్యాక కాస్త్రో పట్నంలో హాస్టల్లో ఉండి చదివింది. అక్కడ తనంతట తాను స్నానం చెయ్యడం, మంచం మీంచి కుర్చీలోకి జరగడం, మగపిల్లలు కారిడార్లో అడ్డం నిలబడితే వాళ్ళ మడమల మీదికి చక్రం పోనివ్వడం నేర్చుకుంది. శుక్రవారం సాయంత్రం లాంచీ దిగితే మళ్ళీ వీపే.

కిందటి జూలైలో, వానాకాలం నడిమధ్యన, అలా మోసుకెళ్తూ ఫ్లోరిదోర్ జారాడు. బోర్లా పడ్డాడు. పిల్ల పైన ఉంది, దెబ్బ తగల్లేదు. కానీ అతని నడుములో ఏదో కలుక్కుమంది. లేవలేకపోయాడు. వానలో ఇద్దరూ గంటసేపు అలాగే పడి ఉన్నారు, ఆమె ఆకాశం వైపు, అతను బురద వైపు. ఎవరికైనా వినపడుతుందేమోనని అరిచి అరిచి గొంతు పోయాక, కడుపులో మంటకొద్దీ యస్నా ఒక మాట అనేసింది.

"ఈ కొండ లేకపోతే నేను ఎంత చదువైనా చదివేద్దును నాన్నా."

వేరే ఊళ్ళో తండ్రి అయితే నిట్టూర్చి ఊరుకునేవాడు. కెలుయ్‌లో పుట్టినవాడు గనక ఫ్లోరిదోర్ బురదలో మొహం పెట్టుకుని కాసేపు ఆలోచించాడు. కొండను జరపలేం, ఇంటిని జరపొచ్చు కదా అనుకున్నాడు.

ఆ మాట కూతురితో అనలేదు. నడుముకు పట్టీ కట్టుకుని, ఆమె హాస్టల్లో ఉన్న రోజుల్లో కాలికి బలపం కట్టుకుని దీవంతా తిరిగాడు. ఈ సాయం అడగడానికి ఒక పద్ధతి ఉంది. దారిలో కలిసినప్పుడు అడిగితే చెల్లదు, కంచె అవతల్నుంచి అడిగితే చెల్లదు. ఇంటికి వెళ్ళాలి. టోపీ తీసి చేత పట్టుకుని గుమ్మంలో నిలబడాలి. వాళ్ళు లోపలికి పిలిచి వేడివేడిగా మాతే ఆకు కషాయం పోసిస్తే గొట్టంతో పీల్చాలి, బంగాళాదుంపల తెగులు గురించి మాట్లాడాలి, లేచే ముందు "మా ఇంటి కోసం వేడుకోడానికి వచ్చాను" అనాలి. అడగనిదే అమ్మైనా పెట్టదు, అడిగాక కెలుయ్‌లో ఎవరూ కాదనరు. కూలి తీసుకోరు. ఒక పూట తిండి పెట్టాలి, రేపు వాళ్ళకు అవసరం పడినప్పుడు మనం వెళ్ళాలి. అంతే. కానీ ఒకసారి వేడుకున్నాక వద్దనడానికి లేదు. ఊళ్ళో అందరికన్నా పెద్దవాడైన ఎలియొదోరో తాత చిన్నప్పుడు ఒకడు అలాగే అందర్నీ పిలిచి చివర్లో మనసు మార్చుకున్నాడట. వాడు చచ్చిపోతే పెట్టె మొయ్యడానికి మనిషి రాలేదని, కొడుకులు దుంపల బండి మీద లాక్కుపోయారని ఇప్పటికీ చెప్పుకుంటారు. నిజమో కాదో ఎవరికీ తెలియదు, భయం మాత్రం నిజం.

ఫ్లోరిదోర్ అరవై గడపలు తొక్కాడు. ప్రతి గడపలోనూ "అమ్మాయి చదువు కోసం" అన్నాడు. ఆ మాట అంటుంటే అతనికి రెండుసార్లు మాతే పొలమారిందని ఎల్సిరా అత్త తర్వాత చెప్పింది.

డిసెంబర్లో విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష రాసి యస్నా ఇంటికొచ్చింది. ఆ రోజే చెప్పాడు.

"జనవరిలో ఇల్లు దింపేస్తున్నాం. రేవు పక్కన మీ అత్త జాగా ఇచ్చింది. తలుపు తీస్తే లాంచీ. పొద్దున వెళ్ళి కాస్త్రోలో సెక్రటరీ కోర్సు చదువుకో, సాయంత్రానికి ఇంటికొచ్చెయ్. రెండేళ్ళు. ఇంక ఎవడి వీపూ అక్కర్లేదు."

అతని మొహంలో అంత వెలుగు తల్లి పోయాక యస్నా చూడలేదు. పరీక్ష ఫారంలో మొదటి కోరికగా తను రాసింది కాస్త్రో కాదు, వాల్దీవియా అని, సెక్రటరీ కాదు, సివిల్ ఇంజనీరింగ్ అని అప్పుడే చెప్పి ఉండాల్సింది. వాల్దీవియా అంటే లాంచీ, బస్సు, జలసంధి మీద పడవ, మళ్ళీ బస్సు. పూటలో వెళ్ళొచ్చే దూరం కాదు, శెలవులకు తప్ప ఇంటికి రావడం కుదరదు. నోటిదాకా వచ్చింది. ఆ సీటు ఎలాగూ రాదు కదా, రాని సీటు గురించి చెప్పి ఉన్న సంతోషం చెడగొట్టడం దేనికి అనుకుంది. తప్పు అక్కడ మొదలైంది. పెద్ద తప్పులన్నీ ఇలాగే మర్యాదగా మొదలవుతాయి.

పైగా పని కూడా దొరికింది. ఇంటిలాగుళ్ళకు పెద్ద దిక్కు ఎలియొదోరో తాత. ఎనభై దాటాయి, కేక వేస్తే మాత్రం ఎద్దులు ఇప్పటికీ బెదురుతాయి. ఆయన వచ్చి ఇల్లంతా చూసి, "ఏమే చదువులమ్మా, ఎత్తు నుంచి పల్లానికి లాగాలి. నేను జీవితంలో రెండే దింపాను, ఒకటి విరిగింది. నీ లెక్కల్లో ఏమైనా ఉందేమో చూడు" అన్నాడు. యస్నా గళ్ళ కాగితాల మీద ఇంటిని గీసింది. ఊతకర్రలు ఎక్కడ కొట్టాలో, ఏ కిటికీ తీసెయ్యాలో గుర్తు పెట్టింది. "తాతా, పల్లానికి లాగడం కాదు ముఖ్యం, వెనక పట్టుకోవడం. ఐదు జతలు ముందు కట్టు, మూడు జతలు వెనక్కి తిప్పి కట్టు" అంది. తాత కాగితం తిరగేసి మరగేసి చూసి, "నీ ఎద్దులకి కొమ్ములు గీయలేదేం?" అని అడిగాడు. ఆ నెలంతా ఆమె సంతోషంగా ఉంది. తన మెడకు తనే మోకు పేనుకుంటోందని తట్టలేదు.

లాగే రోజు గురువారం వచ్చింది. పొద్దుటికే ఇల్లు దుంగల మీద ఎక్కి కూర్చుంది. తలుపులు, కిటికీలు, ఇనప పొయ్యి, మంచాలు ముందురోజే కిందికి చేరాయి. కళ్ళూ నోరూ తీసేసిన ఇంట్లోంచి గాలి ఆ వైపు నుంచి ఈ వైపుకు పోతోంది. అరవైమంది అన్నారు గానీ నూరుమంది వచ్చారు. ఎనిమిది జతల ఎద్దులు వచ్చాయి. యస్నాను చక్రాల్లేకుండా నేలమీద జారే ఎడ్లబండి మీద దిండ్లు వేసి కూర్చోబెట్టారు, ఇంటి వెంటే దిగడానికి. కింద రేవులో ఎల్సిరా అత్త పెద్ద గొయ్యి తవ్వించి, రాళ్ళు కాల్చి, వాటిమీద ఆల్చిప్పలు, పొగబెట్టిన పందిమాంసం, బంగాళాదుంప రొట్టెలు పేర్చి ఆకులతో కప్పింది.

పొద్దుటి లాంచీలోంచి నిల్దా టీచర్ దిగింది. కాస్త్రోలో యస్నాకు లెక్కలు చెప్పిన టీచర్. యాభై ఏళ్ళ మనిషి, పట్నం బూట్లతో కొండంతా ఎక్కి, బండి పక్కన నిలబడి రొప్పుతూ ముందు ఊపిరి తీసుకుంది.

"వచ్చింది" అంది.

"ఏం వచ్చింది టీచర్?"

"ఏం వస్తుందే, సీటు. వాల్దీవియా, సివిల్. మొత్తం లిస్టులో పదకొండోదానివి. సోమవారమే తెలిసింది. హాస్టల్ సంగతి తేలాక చెబ్దామని ఆగాను. వాళ్ళ దగ్గర నీలాంటి పిల్లలకి రెండే గదులున్నాయి, కింది అంతస్తులో, వెడల్పు తలుపులు, స్నానాలగదిలో పట్టుకోడానికి కమ్మీలు. మూడు రోజులు ఫోన్లో వాళ్ళ ప్రాణం తీస్తే ఒకటి నీ పేరున రాశారు."

యస్నాకు కాసేపు ఏమీ వినపడలేదు. పదకొండు అన్న అంకె ఒక్కటే చెవిలో తిరిగింది. ఆనందం వచ్చింది, నిజంగానే వచ్చింది, ఒళ్ళంతా వేడెక్కింది. తలెత్తి చూస్తే ఎదురుగా ఇల్లు దుంగల మీద ఉంది.

నిల్దా టీచర్ సంచిలోంచి కాగితం తీసింది. "చేరడానికి రేపు మధ్యాహ్నం ఒంటిగంట ఆఖరు. నువ్వు రానక్కర్లేదు. నీ బదులు నేను చేర్పించేలా ఇందులో ఒక్క సంతకం చెయ్. నాలుగింటి లాంచీ పట్టుకుని, రాత్రి బస్సెక్కి పొద్దున్నకి అక్కడుంటాను. రేపు పొద్దుటి లాంచీ అయితే అందదు, గుర్తుంచుకో."

"నాన్నకి తెలీదు టీచర్."

"తెలీకపోవడమేంటే? ఊరంతా నీ చదువు కోసమే ఇల్లు లాగుతున్నామని లాంచీలో చెప్పుకుంటూ వచ్చారు."

యస్నా చెప్పింది. వాళ్ళు అనుకుంటున్నది ఏ చదువో చెప్పింది. టీచర్ ఇంటి వైపు చూసింది, నూరుమంది వైపు చూసింది, తోలు పట్టీ బిగించుకుంటున్న ఫ్లోరిదోర్ వైపు చూసింది. "ఓరి దేవుడా" అని బండి అంచున కూర్చుండిపోయింది.

"సంతకం పెట్టెయ్" అంది. "క్లాసులు మార్చిలో కదా, అప్పటిదాకా టైముంది. మెల్లగా చెప్పుకుందువు గాని."

పెట్టెయ్యొచ్చు. యస్నా ఆ నాలుగైదు గంటలూ అదే ఆలోచించింది. మార్చిలో తను వెళ్ళిపోతే ఏమంటారో ఆమెకు ప్రతి మాటా తెలుసు. ఫ్లోరిదోర్ కూతురు ఇల్లు దింపించి తను ఎగిరిపోయింది అంటారు. నలుగురిలో నవ్వుతూనే అంటారు, అదే ఇంకా ఘోరం. ఆ నవ్వులు పడుతూ, విరిగిన నడుముతో అతను ఎన్నేళ్ళ పాటు అరవై ఇళ్ళకు దుంపలు నాటడానికి, కప్పులు వెయ్యడానికి బదులు వెళ్ళాలి? దేనికి? కూతురు దాటని గుమ్మం కోసం. సాయం చేసే చేతుల్ని చూసి భయపడాల్సి వస్తుందని ఆమెకు ఎవరూ నేర్పలేదు.

ఎలియొదోరో తాత టోపీ ఊపి కేక వేశాడు. ముందు ఐదు జతలు మెడలు వంచాయి. ఇల్లు ఒక్కసారి మూలిగి కదిలింది. ఆడవాళ్ళు చప్పట్లు కొట్టారు. మగవాళ్ళు వెనక దొర్లిపోయిన దుంగల్ని ఎత్తుకుని పరిగెత్తి ముందు వేస్తున్నారు. వెనక మూడు జతలు కాళ్ళు తన్నిపెట్టి మోకుల్ని బిగబట్టుకున్నాయి. గళ్ళ కాగితం మీద గీసినట్టే, గీత తప్పకుండా, ఇల్లు కొండ దిగుతోంది. ఇంకో రోజైతే ఆ దృశ్యం చూసి యస్నా గాల్లో తేలిపోయేది.

సగం కొండ దిగాక ఊట దగ్గర నేల మెత్తబడి ఉంది. ముందు దూలం మట్టిలోకి దిగబడింది. లాగినకొద్దీ ఇల్లు ఎడమ పక్కకు ఒరిగింది. లోపల ఎక్కడో కర్ర టప్పుమని పగిలింది. అందరూ తలో మాటా అరిచారు. తాత చెయ్యెత్తి అందర్నీ నోరు ముయ్యమని, బండి దగ్గరికి వచ్చాడు.

"చెప్పమ్మా ఇంజనీరూ. నాకైతే గొడ్డలి తప్ప ఇంకేం తోచట్లేదు."

ఆ క్షణంలో తెలియదు అనేస్తే చాలు. ఇల్లు అక్కడే ఉండిపోయేది, సాయంత్రమయ్యేది, రేపటి మాట రేపు. యస్నా ఇంటి వైపు చూసింది. చూశాక తెలియదు అనలేకపోయింది. కళ్ళముందు ఒక ఇల్లు ఒరిగిపోతుంటే తెలిసినదాన్ని మింగడం ఆమె వల్ల కాలేదు.

"ఎడమ వెనక మోకు వదులు చెయ్ తాతా. కుడి ముందు రెండు జతలు పక్కకి లాగించు, ముందుకి కాదు. దూలం ముక్కు పైకి లేస్తుంది, కింద పలక తోసెయ్."

అలాగే చేశారు. దూలం లేచింది. ఇల్లు నిటారుగా నిలబడి మళ్ళీ నడిచింది. కొండ మొత్తం హోరెత్తింది. ఎవరో ఆపిల్ కల్లు కుండ తెచ్చి తాత నెత్తిన కొంత, నోట్లో కొంత పోశారు.

ఫ్లోరిదోర్ చెమటలు కక్కుతూ, కుంటుతూ పరిగెత్తుకొచ్చాడు. "చూశావా? నీ ఇంటిని నువ్వే దింపుకుంటున్నావు" అన్నాడు. యస్నా అతని చొక్కా చెయ్యి పట్టుకుంది.

"నాన్నా, ఒక్కమాట వింటావా?"

"చెప్పు తల్లీ" అని చెవి వంచాడు.

"నిల్దా టీచర్ ఊరికే రాలేదు. వాల్దీవియాలో..."

"మోకు, మోకు చూడు" అని వెనక ఎవరో అరిచారు. అతను తల తిప్పాడు. "రేపు చెబుదువు గాని తల్లీ. ఇవాళ నాకేం చెప్పినా బుర్రకెక్కదు. ఈ రాత్రి నువ్వు కింద పడుకోవాలి, నాకు తెలిసిందల్లా అంతే."

చొక్కా చెయ్యి ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. ఇంకోసారి లాగి ఉండొచ్చు. టీచర్ పక్కనే నిలబడి కళ్ళతో చెప్పు చెప్పు అంటోంది.

"సరే నాన్నా, రేపే చెప్తాను" అని యస్నా వదిలేసింది.

ఇల్లు రేవు పక్కకు చేరేసరికి మూడున్నర అయింది. లాంచీ వచ్చి ఆగింది. జనం గొయ్యి చుట్టూ చేరి ఆల్చిప్పలు ఒలుచుకుంటున్నారు. నిల్దా టీచర్ పాకలోంచి చక్రాల కుర్చీ తెచ్చి, యస్నా అందులోకి జరిగాక, రేవు చివరి దాకా నెట్టుకెళ్ళింది. కాగితం ఆమె ఒళ్ళో పెట్టి, కలం మూత తీసి చేతికిచ్చింది.

"చివరిసారి అడుగుతున్నా."

యస్నా కలం పట్టుకుంది. కాగితం మీద తన పేరు ముందే టైపు చేసి ఉంది, పూర్తి పేరు, తల్లి ఇంటిపేరుతో సహా. ఎంత అందంగా ఉందో చూసింది. కాస్త్రోలో చదివిన నాలుగేళ్ళలో ఈ మనిషి తన కోసం లెక్కల గదిలో బల్ల కాళ్ళు కోయించడం, హెడ్‌మాస్టరుతో పోట్లాడి పై అంతస్తు క్లాసును కిందికి దింపించడం గుర్తొచ్చాయి. కలం మూత పెట్టేసింది.

"నాకే భయంగా ఉంది టీచర్. అంత దూరం నేను ఉండలేను. ఇక్కడే బావుంటుంది."

"నీకా భయం?" అంది నిల్దా టీచర్. "పెద్ద తరగతి వాడి కాలిమీద చక్రం ఎక్కించినదానివి. అబద్ధమైనా సరిగ్గా ఆడు."

యస్నా కలాన్ని ఆవిడ చేతిలో పెట్టింది.

"నా దగ్గర చదివినవాళ్ళలో ఇంతమంది వెళ్ళారు, నీ అంత తెలివైనది లేదు. ఆ గది ఇంకెవరికో ఇచ్చేస్తారు. మంచిదే, వాళ్ళూ పిల్లలే. కానీ నేను నీ కోసం అడిగాను." ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. లాంచీ ఎక్కాక ఇటు తిరిగి చూడలేదు. యస్నా మాత్రం లాంచీ పొగ మలుపు తిరిగేదాకా చూసింది.

వెనక్కి తిరిగేసరికి జనం ఆమె కోసం వరసలో నిలబడి ఉన్నారు. ఫ్లోరిదోర్ గుమ్మం ముందు పలకలు పరిచాడు. ఎవరూ నెట్టొద్దని అందర్నీ చేత్తో ఆపాడు. యస్నా తన చేతులతోనే చక్రాలు తిప్పుకుంటూ పలకలెక్కి గుమ్మం దాటింది. పుట్టాక మొదటిసారి తన ఇంట్లోకి తనే వెళ్ళింది. వంటగదిలోంచి పడకగదిలోకి, పడకగదిలోంచి వంటగదిలోకి తిరిగింది. ఎంత వద్దనుకున్నా ఆ తిరగడం బావుంది. బావుండటమే ఆమెను చంపేసింది. ఎల్సిరా అత్త ముక్కు చీదుకుంటూ "ఇంక వంట నువ్వే చెయ్యి, కాళ్ళు లేవని సాకు చెప్పావంటే ఊరుకోను" అంది. అందరూ నవ్వారు. యస్నా కూడా నవ్వింది. ఫ్లోరిదోర్ మూల నిలబడి టోపీ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

మర్నాడు శుక్రవారం. పొద్దుట్నుంచీ ఫ్లోరిదోర్ కిటికీలు బిగిస్తున్నాడు. యస్నా కిటికీ దగ్గర కూర్చుని దుంపల తొక్క తీస్తోంది. నిల్దా టీచర్ వాల్దీవియా బస్సెక్కకుండా ఇంటికి వెళ్ళి పడుకుని ఉంటుంది అనుకుంది. పదకొండింటికి ఆ హాస్టల్ గది గురించి ఆలోచించింది. ఎటువైపు కిటికీ ఉంటుందో అనుకుంది. పన్నెండున్నరకి చేతులు ఆగిపోయాయి. తండ్రి మేకు కొడుతుంటే గడియారం ముల్లు ఒంటిగంట మీదికి వచ్చింది, దాటింది. ఏమీ జరగలేదు. బయట రాళ్ళ పొయ్యిమీద నీళ్ళు మరిగాయి. ఒక పిల్లి గుమ్మంలోంచి తొంగి చూసి పోయింది. ఇంత పెద్దది పోతే కనీసం చప్పుడైనా కాదా అని ఆమెకు ఆశ్చర్యమేసింది.

తిన్నాక ఫ్లోరిదోర్ పొయ్యి గొట్టం బిగించడానికి బల్ల ఎక్కాడు. ఎక్కి, గొట్టం చేత పట్టుకునే అడిగాడు.

"నిన్న ఏదో చెప్పబోయావు. ఎద్దుల గోలలో వినలేదు. ఇప్పుడు చెప్పు."

"ఏం లేదు నాన్నా."

"నువ్వు ఏం లేదన్నప్పుడల్లా ఏదో ఉంటుంది. పదమూడేళ్ళు మోశాను. నీ మొహం కనపడకపోయినా ఊపిరిలో తెలిసేది. చెప్పు."

ఎప్పటికీ చెప్పకూడదనే అనుకుంది. కానీ అతను అలా అడిగేసరికి ఆమె నోరు ఆమె మాట వినలేదు.

"వాల్దీవియాలో ఇంజనీరింగ్ సీటొచ్చింది నాన్నా. నేనే రాశాను, నీకు చెప్పలేదు. సంతకం పెడితే టీచర్ తీసుకెళ్ళి చేర్పించేది. ఇవాళ ఒంటిగంటతో అయిపోయింది."

ఫ్లోరిదోర్ గడియారం వైపు చూశాడు. రెండు ఇరవై.

"ఇప్పుడు బయల్దేరితే?"

"రేపు చేరతాం. ఈపాటికి తర్వాతి వాళ్ళకి ఇచ్చేసుంటారు."

"మళ్ళీ ఏడాది?"

"మళ్ళీ పరీక్ష రాయాలి. వస్తే వస్తుంది. ఆ గది ఉండదు."

అతను బల్ల దిగాడు. గొట్టం ఎక్కడ పెట్టాలో తెలియక చేత్తోనే పట్టుకుని నిలబడ్డాడు. మసి అరచేతులకు, చొక్కాకు అంటుకుంటోంది.

"ఎందుకు చెప్పలేదు?"

"ఇల్లు దారిలో ఉంది నాన్నా. అందరూ వచ్చారు. నువ్వు గడప గడపకీ తిరిగి అడిగావు. నీకు తలవంపులు అవుతుందని..."

"తలవంపులా" అన్నాడు ఫ్లోరిదోర్, ఆ మాట కొత్తగా విన్నట్టు. "నేను దేనికి తిరిగానే? ఇంటి కోసం తిరిగానా?"

యస్నా నెల రోజులు ప్రతి కర్రనూ లెక్క వేసింది, జనం ఏమంటారో లెక్క వేసింది, అతని నడుము నొప్పిని లెక్క వేసింది. అతన్ని అడిగితే ఏమంటాడో మాత్రం తనే అనేసుకుంది.

"ఆపేవాణ్ణి కదే" అన్నాడు. "ఎద్దుల్ని విప్పించేవాణ్ణి. ఎక్కడ ఆగితే అక్కడ, ఆ సగం కొండ మీదే, ఆ ఊట పక్కనే ఇల్లు పెట్టుకుని ఉండేవాణ్ణి. నాకేమే, నాకు ఎక్కడైతేనేం. ఒక్క కేక వేస్తే సరిపోయేది కదమ్మా."

గొట్టం జారి కింద పడింది. అతను నేలమీద కూలబడి, ఆమె కుర్చీ ముందు, ఆమె పాదాల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. యస్నా వంగి అతని జుట్టులోకి చెయ్యి పోనిచ్చింది. అతని కన్నీళ్ళు తన పాదాల మీద పడుతున్నాయి. పాదాలకు ఆ సంగతి తెలియలేదు. కళ్ళతో చూస్తే ఆమెకు తెలిసింది.